200 గుడ్లలో బతికేవి రెండే

సభలో ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు, వెనుక వరుసల్లో కూర్చున్న రైతు సోదరులకు నమస్కారం. జీవావరణ శాస్త్రంలోని మౌలిక భావనల గురించి, అంటే జీవుల మధ్య సంబంధాల గురించి, జీవుల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్న విషయం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ విషయాలు చెప్పేటప్పుడు ఆఫ్రికా మైదానాలలోని సింహాన్ని, జింకను ఉదాహరణగా తీసుకోవడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. నేను అంత దూరం వెళ్లను. ఈ భవనం కిటికీలోంచి చూస్తే కనిపించే వరి మడి నాకు చాలు. పోటీ, పరభక్షణ, పరాన్నజీవనం, సహోపకారం అని మీరు పరీక్షలో నిర్వచనాలు రాసే సంబంధాలన్నీ ఆ మడిలో మోకాలి ఎత్తు లోపలే ఉన్నాయి. అందులోనూ ఒక్క పురుగును పట్టుకుని నడుస్తాను. అది సుడిదోమ.

ఇక్కడి పిల్లలకు సుడిదోమను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గోధుమ రంగులో, బియ్యపు గింజకంటే చిన్నగా ఉండి, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన గుంపులుగా చేరి, పిలకల రసం పీల్చే పురుగు అది. మడి మధ్యలో ఒకచోట మొదలై గుండ్రంగా, సుడిలాగా, పైరు ఎండిపోతూ విస్తరిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఆ నష్టాన్ని మన రైతులు దోమపోటు అంటారు. నా చిన్నతనంలో మా మడిలో మంచం పట్టేంత వెడల్పున ఎండిన ఒక సుడిని మా నాన్నగారు సాయంత్రం చూసి వచ్చి, మందు కొట్టించి, వారం తర్వాత చూస్తే అది పది సెంట్లకు పాకి ఉంది. మందు కొట్టిన తర్వాత దోమ ఎందుకు ఎక్కువైందో ఆనాడు మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఈ ప్రసంగం ఒక రకంగా ఆ ప్రశ్నకు జవాబు.

ముందు లెక్క చూద్దాం. ఒక ఆడ సుడిదోమ తన జీవితకాలంలో సుమారు 200 నుంచి 300 గుడ్లు ఆకు తొడుగును చీల్చి లోపల పెడుతుంది. వారం పైచిలుకులో గుడ్డు పొదుగుతుంది. పిల్ల పురుగు అయిదుసార్లు కుబుసం విడిచి, దాదాపు రెండు వారాల్లో పెద్దదవుతుంది. అంటే ఇంచుమించు నెలకు ఒక తరం. తక్కువలో తక్కువ 200 గుడ్లు అనుకుని, వాటిలో సగం ఆడవి అనుకుని, ఒక్కటి కూడా చావలేదని అనుకుంటే, ఒక ఆడదోమ మొదటి తరంలో 100 ఆడదోమలవుతుంది, రెండో తరంలో 10,000, మూడో తరంలో 10 లక్షలు. మగవాటిని కలుపుకుంటే 20 లక్షలు. చదరపు మీటరుకు 33 దుబ్బుల చొప్పున నాటిన ఎకరంలో సుమారు 1,33,000 దుబ్బులుంటాయి కనుక, ఎకరానికంతటికీ ఒకే ఒక్క ఆడదోమ వాలినా, ఒక పంటకాలంలో ప్రతి దుబ్బుకూ 15 దోమలు తేలాలి. దుబ్బుకు 10 నుంచి 15 దోమలు కనిపిస్తే నివారణ చర్య తీసుకోవాలని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే హద్దు సరిగ్గా అక్కడే ఉంది.

ఇలా ప్రతి తరంలోనూ ఒకే నిష్పత్తిలో హెచ్చుతూ పోయే పెరుగుదలను ఘాతీయ వృద్ధి అంటారు. ఉన్నవాటి సంఖ్య ఎంత ఎక్కువైతే కొత్తగా చేరేవి అంత ఎక్కువ కావడం దీని లక్షణం. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఆంక్షలు లేని చోట జనాభా గుణకారంలో పెరుగుతుందని, ఆహారం మాత్రం కూడికలోనే పెరుగుతుందని 1798లో థామస్ మాల్థస్ రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది మనుషులే అయినా, ఆ గుణకారం ప్రతి జీవికీ వర్తిస్తుంది.

అయితే మందు వాసన తగలని మడిని నెలల తరబడి గమనిస్తే దోమల సంఖ్య సాధారణంగా ఇలా పెరగదు. కొంచెం ఎక్కువవుతుంది, కొంచెం తగ్గుతుంది, మొత్తం మీద ఒక పరిధిలో ఉంటుంది. ఒక తరం నుంచి మరో తరానికి సంఖ్య మారలేదంటే దాని అర్థం ఏమిటి? ఒక ఆడదోమ పెట్టిన 200 గుడ్లలో చివరికి ఒక ఆడది, ఒక మగది మాత్రమే మిగిలి, మిగతా 198 ఏదో ఒక దశలో చనిపోయాయని అర్థం. మరణాలు నూటికి 99. మనకు కంటికి కనిపించేది ఆ మిగిలిన రెండే కనుక, మడిలో పెద్దగా ఏమీ జరగడం లేదని అనుకుంటాం. నిజానికి అక్కడ ప్రతి క్షణం భారీ తీసివేత జరుగుతూ ఉంటుంది. విద్యార్థులు ఈ ఒక్క లెక్కను శ్రద్ధగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మరణాలు నూటికి 99 నుంచి 95కు తగ్గాయనుకోండి. వినడానికి తేడా నాలుగే. కాని ఇప్పుడు బతికేవి రెండు కాదు, పది. వాటిలో ఆడవి అయిదు. ప్రతి తరానికీ అయిదు రెట్లు, మూడు తరాలకు 125 రెట్లు. మొదట్లో పది దుబ్బులకు ఒక దోమ ఉన్న మడిలో, ఎవరికీ కంటికి ఆనని ఆ మడిలో, కోతకు ముందు దుబ్బుకు 12 దోమలు ఉంటాయి. గుడ్లు పెట్టే శక్తిలో ఏ మార్పూ రాలేదు, చావులో కొద్దిపాటి మార్పు వచ్చింది, అంతే. కనుక సుడిదోమ ఎందుకు పెరిగింది అని అడిగేకంటే, దాన్ని ఇంతకాలం ఎవరు తగ్గిస్తూ వచ్చారు, వారికి ఏమైంది అని అడగడం సరైన పద్ధతి.

తగ్గించే శక్తులలో ఒకటి ఆ జీవి సంఖ్యే. తిండి, చోటు పరిమితంగా ఉన్నప్పుడు, గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కదానికి దక్కేది తగ్గి, పుట్టుకలు తగ్గి, మరణాలు పెరుగుతాయి. దీన్ని 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ ఒక సమీకరణంగా మలిచాడు. దాన్ని గీతగా గీస్తే మొదట నెమ్మదిగా, తర్వాత నిటారుగా లేచి, చివరికి ఒక ఎత్తు దగ్గర చదునవుతుంది. ఆ ఎత్తునే ఆ చోటి ధారణ శక్తి అంటాం. ఇది పుస్తకంలో గీత కావచ్చు గాని, సుడిదోమ శరీరంలోనే దీనికి ఆనవాలు ఉంది. గాలివాటున వచ్చి మడిలో వాలే దోమలకు పొడవైన రెక్కలుంటాయి. లేత పైరు, విశాలమైన చోటు దొరికాక వాటి సంతానంలో చాలా వాటికి రెక్కలు పొట్టిగా ఉంటాయి. అవి ఎగరలేవు, కాని ఎక్కువ గుడ్లు పెడతాయి. దుబ్బు మొదట్లో ఇరుకు ఎక్కువై, పైరు ముదిరేసరికి, మళ్లీ పొడవు రెక్కలవి పుట్టి మరో చోటికి ఎగిరిపోతాయి. ఇరుకైందన్న వార్తను చదివి రెక్కల పొడవు మార్చుకునే ఈ ఏర్పాటు నాకు ఎన్నేళ్లు చూసినా పాతబడలేదు.

ఎగిరిపోయే దారి లేని జీవికి ఏమవుతుందో బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి చూపించింది. 1944లో అక్కడ మంచు ప్రాంతపు జింకలైన 29 రెయిన్‌డీర్‌లను వదిలారు. వేటాడే తోడేలు లేదు, నేలంతా అవి తినే, నాచులాగా కనిపించే లైకెన్ పరుచుకుని ఉంది. 1963 నాటికి అవి సుమారు 6,000 అయ్యాయి. ఏళ్ల తరబడి పెరిగిన లైకెన్‌ను తొక్కి, తిని ముగించిన తర్వాత, ఒక కఠినమైన శీతకాలం గడిచి, 1966లో లెక్కపెడితే మిగిలినవి 42. ధారణ శక్తి అనేది గోడలాంటిది కాదని, దాన్ని దాటి ముందుకు వెళ్లిన గుంపు ఆ శక్తినే ధ్వంసం చేయగలదని ఈ ఉదంతం చెబుతుంది. సుడి మధ్యలో ఎండిన గడ్డిలో దోమకు కూడా తిండి ఉండదు. అందుకే అది అంచులకు జరుగుతుంది, అందుకే సుడి గుండ్రంగా పాకుతుంది.

ఇక ఇతర జీవులతో సంబంధాలకు వద్దాం. పోటీ గురించి రైతుకు నేను చెప్పవలసింది తక్కువ. కలుపు తీయడమంటేనే పోటీలో ఒక పక్షం వహించడం. ఊద గడ్డి చిన్నప్పుడు వరిలాగే ఉండి, అదే నీటిని, అదే నత్రజనిని, అదే ఎండను వాడుకుంటుంది. ఎంత దగ్గరి పోలిక ఉంటే పోటీ అంత తీవ్రం. రష్యా శాస్త్రవేత్త గౌస్ ఇదే విషయాన్ని గాజు గొట్టాలలో నిరూపించి 1934లో ప్రచురించాడు. పారమీసియం అనే ఏకకణ జీవులలో రెండు జాతులను వేర్వేరుగా పెంచితే రెండూ చక్కగా పెరిగాయి, ఒకే గొట్టంలో ఒకే తిండి మీద పెంచితే ఒకటి నిలిచి రెండోది కనుమరుగైంది. మన పెద్దలు నారు పోసి, పెంచి, దమ్ము చేసిన నేలలో నాటి, నీరు నిలగట్టడంలో ఉన్న యుక్తి కూడా పోటీకి సంబంధించినదే. మొలకెత్తని ఊద గింజ మీద వరికి మూడు నాలుగు వారాల ముందంజ దొరుకుతుంది, పైగా నిలిచిన నీరు ఊద మొలకను అణచిపెడుతుంది.

పోటీ ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. మడి నీటి మీద తేలే అజొల్లా ఆకుల గదుల్లో ఒక నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి అజొల్లాకు ఇస్తుంది, అజొల్లా దానికి ఆశ్రయమిస్తుంది. ఇద్దరికీ లాభమైన దీన్ని సహోపకారం అంటాం. దుక్కి దున్నుతుంటే వెనుకే నడిచే తెల్ల కొంగలకు మట్టిలోంచి లేచే పురుగులు దొరుకుతాయి, ఎడ్లకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఇది సహభోజకత్వం. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చినా కొంగలు దాని వెంట కూడా నడుస్తున్నాయి.

నేను ఎక్కువసేపు నిలవాలనుకుంటున్నది పరభక్షణ దగ్గర, అంటే ఒక జీవి మరో జీవిని వేటాడి తినడం దగ్గర. ఇందాక చెప్పిన 198 మరణాలలో పెద్ద వాటా ఇక్కడిదే. సుడిదోమ గుడ్డుగా ఉన్నప్పుడే మిరిడ్ నల్లి అనే ఆకుపచ్చని చిన్న పురుగు ఆకు తొడుగులోకి ముక్కు గుచ్చి ఆ గుడ్డును పీల్చేస్తుంది. కంటికి సరిగా కనిపించని కందిరీగ జాతి పురుగు ఒకటి ఆ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది, దోమ గుడ్డు నుంచి కందిరీగ బయటికి వస్తుంది. ఇలా చివరికి తన ఆశ్రయాన్నే చంపే పరాన్నజీవనం మడిలో చాలా ఉంది. కాండం తొలిచే పురుగు గుడ్ల మీద మనం విడిచే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ కూడా అలాంటిదే. పొదిగిన పిల్లదోమ కాలు జారి నీటిలో పడితే, నీటి మీద పరుగెత్తే చిన్న నల్లులు గుంపుగా చుట్టుముడతాయి. దుబ్బు మీద ఉంటే అక్షింతల పురుగులు, పైన తూనీగలు. అందరికంటే మించినది వేటాడే సాలీడు. ఇది గూడు అల్లి కూర్చోదు, నీటి మీద, పిలకల మీద పరుగెత్తి పడుతుంది. పెద్ద సాలీడు ఒకటి రోజుకు 5 నుంచి 15 పురుగులను తినగలదు. దుబ్బుకు ఒక సాలీడు ఉన్న మడి అంటే ఎకరానికి లక్షకు పైగా కూలి అడగని కాపలాదారులు ఉన్న మడి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాటిన కొత్తలో మడిలో దోమలు ఉండవు. దోమలు వచ్చేనాటికి సాలీళ్లు అక్కడ ఉండాలంటే అంతవరకు అవి ఏం తిని బతకాలి? జావా ద్వీపంలోని వరి మడులలో చేసిన పరిశీలనలు దీనికి చక్కని సమాధానం ఇచ్చాయి. నీటిలో కుళ్లే ఆకులు, పేడ, సేంద్రియ పదార్థం తిని బతికే చిన్న ఈగలు, వాటి లార్వాలు మడిలో మొదటి వారాల్లోనే లెక్కలేనన్ని పుడతాయి. వరికి వాటి వల్ల నష్టం లేదు. సాలీళ్లు వాటి మీద బతికి, సంతానం పెంచుకుని, దోమ వచ్చేనాటికి సిద్ధంగా ఉంటాయి. పశువుల ఎరువు వేసిన మడిలో మనం పైరుకు మాత్రమే తిండి పెడుతున్నామని అనుకుంటాం గాని, ఆ ఎరువు నుంచి ఈగకు, ఈగ నుంచి సాలీడుకు కూడా అందుతోంది. నాటిన ఇరవై రోజులకే, పురుగు కనిపించకపోయినా, ముందుజాగ్రత్త పేరుతో కొట్టే మందు సరిగ్గా ఈ గొలుసును తెంపుతుంది.

వేటాడే జీవి, వేటకు గురయ్యే జీవి కలిసి ఎలా పెరిగి తరుగుతాయో 1920ల మధ్యలో ఆల్ఫ్రెడ్ లోట్కా, వీటో వోల్టెరా విడివిడిగా గణితంలో చూపారు. వోల్టెరాకు ప్రేరణ ఇటలీ చేపల బజారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గితే, తర్వాత బజారుకు వచ్చిన చేపలలో సొరల వంటి వేటాడే చేపల వాటా పెరిగిందని జంతుశాస్త్రజ్ఞుడు దాంకోనా గమనించి ఆయనను కారణం అడిగాడు. వోల్టెరా సమాధానం ఇది. రెండింటినీ ఒకే విధంగా చంపే శక్తి ఏదైనా ఉంటే, అది వేటాడే జీవిని తగ్గిస్తుంది, వేటకు గురయ్యే జీవి సగటు సంఖ్యను పెంచుతుంది. ఎందుకంటే వేటగాడికి రెండు దెబ్బలు, తానూ చస్తుంది, తిండీ తగ్గుతుంది. వేటకు గురయ్యేదానికి ఒకవైపు చావు ఉన్నా మరోవైపు శత్రువు తగ్గిన ఊరట ఉంది. వల స్థానంలో పురుగుమందును పెట్టి చూడండి, మా నాన్నగారి మడి కనిపిస్తుంది. దోమ గుడ్లు ఆకు తొడుగులో భద్రంగా ఉన్నాయి, పైన మందు కొట్టినప్పుడు చచ్చినవి ఎక్కువగా సాలీళ్లు, మిరిడ్ నల్లులు. వారానికి గుడ్లు పొదిగాయి. నూటికి 99 మరణాలు 95కో 90కో పడిపోయాయి. మరణాలు 90 అయితే మూడు తరాలకు పెరుగుదల వెయ్యి రెట్లు. దీనికి తోడు, సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి కొన్ని మందులు తక్కువ మోతాదులో తగిలిన ఆడదోమ మరిన్ని గుడ్లు పెడుతుందని, నత్రజని ఎక్కువైన పైరు మీద కూడా దాని సంతానం హెచ్చుతుందని ప్రయోగాలలో తేలింది.

ఇది ఒక్క మడి కథ అయితే నేను ఇంత ఆవేదన పడను. అధిక దిగుబడి వంగడాలు, ఎక్కువ యూరియా, క్రమం తప్పని మందులు ఒకేసారి వచ్చిన కాలంలో ఆసియా అంతటా ఇది జరిగింది. 1973–74లో కేరళలో దోమపోటు పెద్ద ఎత్తున పంటను ఎండబెట్టింది. ఇండోనేషియాలో ప్రభుత్వం రాయితీపై మందులు సరఫరా చేసేకొద్దీ దోమ పెరుగుతూ వచ్చింది. చివరికి 1986 నవంబరులో ఆ దేశాధ్యక్షుడు సుహార్తో వరిపై 57 రకాల మందుల వాడకాన్ని ఒకే ఉత్తర్వుతో నిషేధించాడు, ఆ తర్వాత కొన్నేళ్లలో రాయితీలు కూడా తీసేశారు. మందుల వాడకం బాగా తగ్గింది, ధాన్యం దిగుబడి పడిపోలేదు. ఒక ప్రభుత్వం జీవావరణ శాస్త్రం మాట విని విధానాన్ని మార్చుకున్న అరుదైన సందర్భాలలో ఇది ఒకటని నా అభిప్రాయం.

మరి పైరు ఊరికే నిలబడి ఉందా? పైరుకూ పురుగుకూ మధ్య కూడా తరతరాల పోరు ఉంది. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దోమను తట్టుకునే ఐఆర్ 26 అనే వంగడాన్ని విడుదల చేసింది. రెండు మూడేళ్లలోనే ఆ వంగడాన్ని కూడా తినగల దోమలు కొన్ని చోట్ల పైచేయి సాధించాయి. లక్షల దోమలలో ఏ కొద్దిటికో ఆ శక్తి ముందే ఉండి ఉంటుంది, ఒకే వంగడం దేశమంతా పరుచుకున్నప్పుడు బతికి పిల్లలను కనేవి అవే. మన మారుటేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాలు సుడిదోమను కొంతవరకు తట్టుకుంటాయి. రకానికి శక్తి ఉన్నప్పుడు సాలీడుకు పని తేలికవుతుంది, సాలీడు ఉన్నప్పుడు ఆ రకం శక్తి త్వరగా వమ్ము కాదు. ఒకదాన్ని వదిలి మరొకదాని మీద భారమంతా వేసినప్పుడే రెండూ విఫలమవుతాయి.

చివరగా రైతు సోదరులకు కొన్ని మాటలు. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని చెప్పేది మందు కొట్టే వీలు కోసం మాత్రమే కాదు, దుబ్బుల మొదళ్లకు గాలి, వెలుతురు తగిలితే దోమకు ఇష్టమైన చల్లని నీడ తగ్గుతుంది. దోమలను లెక్కించేటప్పుడు దుబ్బును ఒక పక్కకు వంచి, అరచేత్తో తట్టి, నీటిలో పడిన దోమలతో పాటు సాలీళ్లను, మిరిడ్ నల్లులను కూడా లెక్కపెట్టండి. దుబ్బుకు పది దోమలు, రెండు సాలీళ్లు ఉన్న మడీ, దుబ్బుకు పది దోమలు ఉండి సాలీడు లేని మడీ ఒకటి కావు. మొదటిదానిని రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడవచ్చు, నీరు తీసి ఆరబెట్టవచ్చు. రెండోదానిలో మందు తప్పకపోతే, పాయలు తీసి, దోమకు సిఫారసు చేసినదాన్నే దుబ్బు మొదళ్లు తడిసేలా, సుడి ఉన్నంత మేర, దాని చుట్టూ కొంత మేర కొడితే చాలు.

కోత అయ్యాక మడి ఎండిపోయినప్పుడు సాలీళ్లు గట్టు మీది గడ్డిలోకి చేరి, మళ్లీ దమ్ము చేసి నీరు పెట్టేవరకు అక్కడే ఉంటాయి. ఆ గడ్డికి నిప్పు పెట్టిన ఊళ్లో తొలకరికి నాటిన మడిలోకి దోమ గాలిలో తేలి వస్తుంది, సాలీడు మాత్రం ఎక్కడి నుంచో నడిచి రావాలి.